కలుషిత భూముల పునరుద్ధరణ - ప్రభుత్వ సదస్సుల ప్రయోజనము

విశాఖపట్టణం వన్ టౌన్‌లో కాపురముండే గృహిణులకు దుమ్మును గురించి ఎవరూ పాఠము చెప్పనక్కరలేదు. రేవులో బొగ్గు, ఇనుప ఖనిజము ఎగుమతి దిగుమతులు జరిగేటప్పుడు గాలి ఇటు తిరిగితే, ఆరవేసిన బట్టల మీద నల్లని పొర ఏర్పడుతుంది. గచ్చు తుడిచిన గుడ్డ మిగిలిన సంగతి చెప్పుతుంది. ఈ దుమ్ము కంటికి కనబడుతుంది కనుక జనము ఫిర్యాదు చేస్తారు, పత్రికలు వ్రాస్తాయి, అధికారులు నీళ్ళు చల్లిస్తారు. కాని నేలలో చేరిన విషపదార్థమునకు రంగు లేదు, వాసన లేదు. దాని మీద గడ్డి పచ్చగానే మొలవవచ్చును. ఫ్యాక్టరీ మూతబడి, యంత్రములు తరలిపోయి, ప్రహరీగోడ మాత్రము మిగిలిన తరువాత కూడా అది అక్కడనే ఉంటుంది.

దీనికి మంచి ఉదాహరణ సీసము. ఆకులు కుళ్ళుతాయి, చమురును కొన్ని సూక్ష్మజీవులు క్రమముగా తినివేస్తాయి. సీసము మూలకము కనుక దానిని విరిచి వేరొక పదార్థముగా మార్చే సూక్ష్మజీవి లేదు. అది బంకమట్టి రేణువులను, కుళ్ళిన ఆకుల మన్నును అంటిపెట్టుకొని పైపొరలోనే దశాబ్దముల తరబడి నిలిచి ఉంటుంది. పిల్లలు ఆడుకొనేదీ ఆ పైపొర మీదనే. మట్టి చేతులు నోట పెట్టుకొనుట పసివారి స్వభావము. నోటి ద్వారా లోపలికి పోయిన సీసమును పెద్దవారి శరీరము కంటె పిల్లల శరీరము నాలుగైదు రెట్లు అధికముగా గ్రహిస్తుంది. పెరుగుతున్న మెదడుకు అది చేసే హాని తిరిగి మరమ్మతు కాదు. ఇంతవరకైతే ఫరవాలేదు అనదగిన మోతాదు ఏదీ శాస్త్రజ్ఞులకు కనబడలేదు.

విశాఖలో ఈ ప్రశ్న కేవలము పుస్తకములలోనిది కాదు. మింది వద్ద 1977లో ప్రారంభమైన హిందుస్థాన్ జింక్ కర్మాగారములో జింకును (తుత్తునాగమును), సీసమును శుద్ధి చేసేవారు. 2012లో అది ఆగిపోయినది. జింకు ఖనిజమును కాల్చి, ఆమ్లములో కరగించి, విద్యుత్తుతో లోహమును రాబట్టే పద్ధతిలో ఇనుము, సీసము, కాడ్మియము మొదలైనవి మడ్డిలో మిగిలిపోతాయి. అట్టి పరిశ్రమ నడచిన భూమిని వేరొక పనికి వినియోగించదలచినప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటే: మన్నులో ఏమున్నది, ఎంత లోతున ఉన్నది? ఊహతో దీనికి సమాధానము రాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశములోని 88 పారిశ్రామిక ప్రాంతములకు మార్కులు వేసినప్పుడు విశాఖకు 70.82 వచ్చినవి. 70 దాటినవన్నీ తీవ్ర కలుషిత ప్రాంతములే. పరీక్షలలో మార్కులు ఎక్కువైనందుకు ఊరు విచారించవలసిన సందర్భము ఇది!

కలుషిత భూమిని బాగుచేయుటకు మార్గములు పెక్కు గలవు. మన్నును త్రవ్వి తరలించవచ్చును. ఎంత మన్ను? విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చును. ఎకరము సుమారు 4,047 చదరపు మీటర్లు. పైపొర 15 సెంటీమీటర్లు తీస్తే సుమారు 607 ఘనపు మీటర్ల మన్ను. ఘనపు మీటరు ఒకటిన్నర టన్ను తూగుతుందనుకొంటే 910 టన్నులు, అనగా పది టన్నుల లారీలు 91. అర మీటరు లోతు త్రవ్వితే మూడు వందల లారీలు దాటుతాయి. ఆ మన్నును ఏ ఊరివారు తమ పొరుగున పోయనిస్తారు? అందువలన కొన్నిచోట్ల విషపు మన్నును కదల్చక, దాని మీద నీరు దిగని పొరను, బంకమట్టిని పరచి కప్పివేస్తారు. ఫాస్ఫేటు కలిపితే సీసము సులభముగా కరగని ఖనిజముగా మారుతుంది. ఏ మార్గము తగినదో నిర్ణయించేది భూమిని ఉపయోగించే తీరు. గిడ్డంగికి చాలినంత శుభ్రత పాఠశాల ఆటస్థలమునకు చాలదు. ప్రమాణములు కూడ స్థిరముగా ఉండవు. ఇండ్ల స్థలములలో పది లక్షల పాళ్ళ మన్నుకు 400 పాళ్ళ సీసము దాటితే పరిశీలించవలెనని అమెరికా ప్రభుత్వ సంస్థ 1994లో సూచించినది. 2024లో ఆ సంఖ్యను 200కు తగ్గించినది.

ఇక సదస్సుల అవసరము ఎక్కడ వచ్చినది? నయాగరా ఫాల్స్ పట్టణములోని లవ్ కెనాల్ కథ దానికి సమాధానము. ఒక పాత కాలువలో రసాయనముల కంపెనీ ఒకటి 1942 నుండి 1953 వరకు సుమారు 21,000 టన్నుల వ్యర్థములను పూడ్చి, ఆ స్థలమును ఒక డాలరుకు పాఠశాలల బోర్డుకు ఇచ్చివేసినది. అడుగున రసాయనములున్నవని దస్తావేజులోనే వ్రాసియున్నది. అయినను అక్కడ 1955లో పాఠశాల తెరిచినారు, చుట్టును ఇండ్లు లేచినవి. వ్యర్థములు పైకి ఊరి 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబములను తరలించవలసి వచ్చినది. ఆ విషయము కంపెనీకి తెలియును, బోర్డుకు తెలియును, రిజిస్ట్రారు కార్యాలయములోని బీరువాకును తెలియును. ఇండ్లు కొన్నవారికి మాత్రము తెలియదు. అక్కడ కొరవడినది రసాయన శాస్త్రము కాదు. తెలిసిన సంగతి తెలియవలసిన వారికి చేరలేదు.

ఆ దేశములో 1980లో కలుషిత స్థలముల చట్టము వచ్చినది. బాధ్యత నెత్తిన పడుతుందేమోనన్న భయముతో పాత మిల్లుల స్థలములను ఎవరూ ముట్టుకొనకపోగా, 1990-2000 మధ్య కాలములో ప్రభుత్వమే పూనుకొని పరీక్షల కొరకు పురపాలక సంఘములకు ధనసహాయము చేసినది. ఇట్టి భూములకు బ్రౌన్‌ఫీల్డ్ అని పేరు. వీటిపై మొదటి జాతీయ సదస్సు 1996లో పిట్స్‌బర్గులో జరిగినది. ఉక్కు మిల్లులు మూతబడి నదీతీరము పాడుపడిన ఊరది. ఉక్కునగరమైన విశాఖ పాఠకులకు ఆ ఎంపికలోని ఔచిత్యము వేరుగా చెప్పనక్కరలేదు. అట్టి సభలో మన్ను పరీక్షించిన రసాయనవేత్త, కప్పు వేసిన ఇంజనీరు, అప్పు ఇవ్వవలసిన బ్యాంకరు, పేటలో కాపురమున్న గృహస్థు ఒకే గదిలో కూర్చుంటారు. ప్రైవేటు సంస్థ పిలిచిన సభలో తన పద్ధతిని అమ్ముకొనవచ్చినవాని మాటకే పెద్దపీట పడవచ్చును. ప్రభుత్వము పిలిచినప్పుడు కొలతలను బయటపెట్టుమని అడిగే అధికారము, విన్నదానిని నిబంధనగా మార్చే బాధ్యత రెండును పిలిచినవారికే ఉంటాయి.

భారతదేశములో ప్రపంచ బ్యాంకు సహాయముతో 2010లో ఆమోదము పొందిన పారిశ్రామిక కాలుష్య నిర్వహణ పథకము ఈ దారిలో ముఖ్యమైన అడుగు. ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రములను దానికి ఎన్నుకొన్నారు. హైదరాబాదు కాటేదాన్‌లోని నూర్ మహమ్మద్ కుంట, కడప పురపాలక సంఘపు చెత్తదిబ్బ ప్రయోగ స్థలములుగా నిర్ణయించబడినవి. ఒకటి పరిశ్రమల మురుగు నింపిన చెరువు, రెండవది ఊరి చెత్త. రెంటికీ ఒకే మందు పనిచేయదని తెలిసికొనుట కూడ శిక్షణలో భాగమే. చివరకు 2025 జూలైలో కలుషిత స్థలముల నిర్వహణ నియమములు వెలువడినవి. వాని ప్రకారము అనుమానాస్పద స్థలములను గుర్తించి ఆరు నెలలకొకసారి జాబితా పంపవలసిన పని స్థానిక సంస్థలది, జిల్లా యంత్రాంగముది. తరువాత ప్రాథమిక పరీక్ష, వివరమైన పరీక్ష, నిపుణ సంస్థ రూపొందించిన ప్రణాళిక వరుసగా జరుగవలెను. ఖర్చు కలుషితము చేసినవారిదే.

సదస్సులన్నీ ఫలించవు. దీపము వెలిగించి, శాలువలు కప్పి, ఉపన్యాసములు ముగించి భోజనములకు లేచిన సభలు తెలుగుదేశములో ఎన్ని జరుగలేదు! సభ విలువ తెలిసేది బల్లమీదికి వచ్చిన కాగితముల వలన. ఏ స్థలములో, ఎంత లోతున, ఏ తేదీన తీసిన మన్ను, ఏ ప్రయోగశాలలో ఎంత చూపినది? చేసిన చికిత్స అయిదేండ్ల తరువాత నిలిచినదా? ఎక్కడ చెడినది? చెడినచోటును చెప్పిన పత్రము పది విజయగాథలకు సమానము. కాని దానిని చదువుటకు ఎవరూ ముందుకు రారు. రప్పించవలసినది పిలిచిన ప్రభుత్వమే.

విశాఖలో అట్టి సభ జరిగితే అక్కడ కూర్చుండవలసిన వారిలో వన్ టౌన్ వృద్ధులు కూడ ఉన్నారు. 1933లో తెరిచిన ఈ రేవు ఉప్పునీటి చిత్తడినేలను త్రవ్వి కట్టినది. త్రవ్విన మన్నుతో పల్లములను మెరక చేసినారు. ఏ పల్లము దేనితో పూడినదో, ఏ ఏండ్లలో ఏ లారీలు ఏ వైపు పోయినవో పటములలో అంతా ఉండదు. కలుషిత స్థలమును పరీక్షించేవారు ఎకరమునకు కొన్ని గోతులే తీయగలరు, ఒక్కొక్క నమూనా పరీక్షకు డబ్బు కావలెను. ఆ గోతులు ఎక్కడ తీయవలెనన్నది మొదటి ప్రశ్న. పదవీ విరమణ చేసిన కార్మికుడొకడు కాగితము మీద గీసి చూపిన గుర్తు, అచ్చటి మన్నును ముందుగా పరీక్షించుటకు చాలును.