కాటా మాట కంప్యూటరుకు ఎలా చేరుతుంది?

ధాన్యం లారీ గాని, ఉల్లిపాయల లారీ గాని తాడేపల్లిగూడెంలో సరుకు దించబోయే ముందు ఒక పెద్ద ఇనుప వేదిక మీదికెక్కి, కాసేపు కదలకుండా నిలబడటం మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని వేబ్రిడ్జి అంటారు. లారీ కాటా అన్నా అందరికీ తెలుస్తుంది. ద్వారకా తిరుమల చుట్టుపక్కల మెట్ట తోటల్లో కోసిన ఆయిల్ పామ్ గెలలూ, కొల్లేటి చేపల చెరువులకు వెళ్ళే మేత బస్తాలూ ఇలాంటి కాటాలే ఎక్కుతాయి. లారీని సరుకుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూస్తారు. రెండింటి తేడాయే సరుకు బరువు. రైతుకు ముట్టే డబ్బు ఆ తేడాను బట్టే ఉంటుంది గనుక, అందులో ఒక్క అంకె తారుమారైనా చిన్న విషయం కాదు.

వేదిక కింద లోడ్ సెల్స్ అనే ఉక్కు దిమ్మెలుంటాయి. బరువు పడగానే అవి కంటికి కనబడనంత స్వల్పంగా వంగుతాయి. వాటికి అతికించిన సన్నని లోహపు రేకుల విద్యుత్ నిరోధం అప్పుడు కొద్దిగా మారుతుంది. ఆ మార్పును కొలిచి, గదిలో ఉన్న ఇండికేటరు బరువును అంకెల్లో చూపిస్తుంది. కాని చాలాచోట్ల చీటీ అచ్చువేసేది పక్కనున్న కంప్యూటరు. ఇండికేటరు నుండి ఆ అంకెలు కంప్యూటరుకు ఎలా వెళ్తాయన్నదే ఇప్పుడు మనం చూడబోయే సంగతి.

లారీ బరువు 18460 కిలోలనుకుందాం. ఇండికేటరు ఈ అంకెలను ఒక్కొక్కటిగా సంకేత సంఖ్యలుగా మార్చి పంపుతుంది. ఆస్కీ అనే పట్టిక ప్రకారం '1' అనే అక్షరానికి 49, '8'కి 56, '4'కి 52, '6'కి 54, '0'కి 48. ఇవి మాత్రమే పంపితే ఎక్కడ మొదలయిందో, ఎక్కడ ముగిసిందో తెలియదు. అందుకని చాలా ఇండికేటర్లు ముందు 2 అనీ, చివర 3 అనీ పంపుతాయి. ఆస్కీలో 2 అంటే 'వార్త మొదలు', 3 అంటే 'వార్త ముగింపు'. కనుక తీగ మీద నడిచే వార్త ఇది: 2, 49, 56, 52, 54, 48, 3. మొత్తం ఏడు సంఖ్యలు, అంటే ఏడు బైట్లు.

ఇవి వెళ్ళే తీగను సీరియల్ లైను అంటారు. దీనికి 1960లో ఏర్పడిన ప్రమాణం పేరు ఆర్.ఎస్. 232. ఇందులో బిట్లు ఒకదాని వెనుక ఒకటి, చీమల బారులాగా నడుస్తాయి. ప్రతి బైటుకు ముందు 'ఆరంభ బిట్', తర్వాత 'విరామ బిట్' ఉంటాయి. ఈ ఏర్పాటు టెలిప్రింటర్ల కాలం నాటిది. ఆరంభ సంకేతం అందగానే అవతలి యంత్రం తిరగడం మొదలుపెట్టేది, విరామ సంకేతంతో ఆగేది. మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ఆగిపోయింది గాని, దాని అలవాటు ఒకటి ఇలా కాటా గదిలో ఇంకా బతికే ఉంది.

సెకనుకు 9600 బిట్ల వేగమైతే ఒక్కో బిట్ సుమారు 104 మైక్రోసెకన్లు నిలుస్తుంది. ఈ వేగం రెండు వైపులా ముందే ఒప్పుకొని ఉండాలి. ఒకరు 9600 అనీ, మరొకరు 2400 అనీ అనుకుంటే అంకెల చోట అర్థంలేని గుర్తులు వస్తాయి.

ఇప్పటి కంప్యూటర్లలో చాలావాటికి సీరియల్ లైను తగిలించే తొమ్మిది సూదుల సాకెట్టు లేదు. ఉన్నది 1996లో వచ్చిన యు.ఎస్.బి. మాత్రమే. అందుకే మధ్యలో అడాప్టరు అనే చిన్న దుబాసీని పెడతారు. దుబాసీ అని ఊరికే అనలేదు. ఈ రెండు లైన్ల మర్యాదలూ బొత్తిగా వేరు. సీరియల్ లైనులో ఎవరికి తోచినప్పుడు వారు మాట్లాడవచ్చు. యు.ఎస్.బి.లో అలా కాదు, కంప్యూటరు అడిగితేనే పరికరం పలకాలి. చెప్పడానికేమీ లేకపోతే 'ఇప్పుడేమీ లేదు' అనే చిన్న జవాబిచ్చి ఊరుకోవాలి. పైగా అక్కడ ప్రతి మాటా పొట్లం కట్టి పంపాలి.

అడాప్టరుతో కంప్యూటరుకు రెండు రకాల మాటలుంటాయి. ఒకటి అడాప్టరు గుండా అవతలికి పోయేది. రెండోది అడాప్టరుకే చెప్పేది, అంటే 'లైనును ఇంత వేగంతో నడుపు' వంటి ఆజ్ఞ. ఈ రెంటినీ కలిపేస్తే 9600 అనే అంకె కాస్తా కాటాకు వెళ్ళిపోతుంది! అందుకని ఆజ్ఞలకు వేరే దారి ఉంది.

ఆజ్ఞ రూపం చూడండి. అడాప్టర్ల కోసం ఏర్పడిన ఉమ్మడి ప్రమాణం ప్రకారం మొదట ఎనిమిది బైట్లు పోతాయి: 33, 32, 0, 0, 0, 0, 7, 0. ఇందులో 32 అంటే 'లైను ఏర్పాట్లు చెబుతున్నాను' అని. 7 అంటే 'వెనుక ఏడు బైట్లు వస్తున్నాయి' అని. మీ తాతగారినడిగితే, పెళ్ళి తంతి సంగతి చెబుతారు. ద్వారకా తిరుమలలో పెళ్ళంటే, రాలేని చుట్టాలు శుభాకాంక్షల వాక్యానికి బదులు దాని నెంబరు మాత్రం రాసి తంతి ఇచ్చేవారు. అవతలి తపాలా కార్యాలయంలో ఆ నెంబరుకు పూర్తి వాక్యం రాసి అందించేవారు. ఈ 32 కూడా అలాంటిదే.

వెనుక వచ్చే ఏడు బైట్లు ఇవి: 128, 37, 0, 0, 0, 0, 8. మొదటి నాలుగూ వేగం. చిన్న భాగం ముందు రాయాలని నియమం. కనుక 37ను 256తో హెచ్చవేసి 128 కలపండి, సరిగ్గా 9600 వస్తుంది. అయిదోది విరామ బిట్లను, ఆరోది సరిచూపు బిట్‌ను, ఏడోది ఒక్కో అక్షరానికెన్ని బిట్లో చెబుతాయి. అందరు తయారీదారులూ ఈ ప్రమాణం పాటిస్తే బాగుండేది. కొన్ని చిప్పులకు 9600 అని చెబితే చాలదు. 30 లక్షలను ఎంతతో భాగించాలో చెప్పాలి. అది 312న్నర. అందుకే చాలా అడాప్టర్లతో పాటు వాటి భాష తెలిసిన డ్రైవరు ప్రోగ్రాము కూడా కావలసి వస్తుంది.

ఇక అసలు చిక్కు. అడాప్టరుకు మన బరువు సంగతి ఏమీ తెలియదు. 2 అన్నా, 3 అన్నా దానికి వట్టి బైట్లే. కంప్యూటరు అడిగినప్పుడు తన దగ్గర ఎన్ని చేరితే అన్నీ పొట్లం కట్టి ఇచ్చేస్తుంది. 9600 వేగంలో మిల్లీసెకనుకు దాదాపు ఒక్క అక్షరమే వస్తుంది. కనుక మన వార్త ఒక పొట్లంలో 2, 49, 56 అనీ, మరో పొట్లంలో 52, 54, 48, 3 అనీ ముక్కలై రావచ్చు. పొట్లం వచ్చిందంటే వార్త వచ్చినట్లేనని నమ్మిన ప్రోగ్రాము లారీ బరువు 18 కిలోలంటుంది! అంతకన్నా ప్రమాదం, వార్త మధ్యలో వినడం మొదలుపెట్టి 8460 అని రాసుకోవడం. పది టన్నులు మాయం. తెలివైన ప్రోగ్రాము 2 కనబడేదాకా వచ్చినవన్నీ వదిలేసి, అక్కణ్ణుంచి 3 వచ్చేదాకా కూడబెట్టి, అప్పుడు గాని బరువు చదవదు.

18 కిలోల లారీని ఎవరైనా పట్టుకుంటారు. పట్టుబడని తప్పు మరొకటుంది. '4' అనే అక్షరం బిట్లలో 0110100. పక్కనే పెద్ద మోటారు తిరగడం వల్ల తీగలో అలజడి పుట్టి, చివరి 1 కాస్తా 0 అయిందనుకోండి. 0110000 అవుతుంది. అది '0'. చీటీ మీద 18060 పడుతుంది. నాలుగు వందల కిలోలు పోయినా అంకె చూడటానికి మామూలుగానే ఉంటుంది.

దీనికి పాత ఉపాయం సరిచూపు బిట్. ప్రతి అక్షరంలోనూ 1ల లెక్క సరిసంఖ్య అయ్యేలా ఒక బిట్ అదనంగా చేరుస్తారు. '4'లో 1లు మూడు, కనుక ఇంకో 1 చేర్చి నాలుగు చేస్తారు. దారిలో ఒకటి పోతే మూడు మిగులుతాయి. బేసి కనబడగానే తప్పు పట్టుబడుతుంది. ఇందుకు ఇండికేటరులోనూ ఏర్పాటు మార్చాలి, మన ఆజ్ఞలోని చివరి రెండు బైట్లు 0, 8కి బదులు 2, 7 కావాలి. రెండు బిట్లు ఒకేసారి మారితే మాత్రం ఇది మోసపోతుంది. యు.ఎస్.బి. భాగంలో కాపలా ఇంకా గట్టిది. ప్రతి సరుకు పొట్లానికీ 16 బిట్ల సరిచూపు సంఖ్య ఉంటుంది. అది కుదరకపోతే 'అందింది' అన్న జవాబు పోదు, అదే పొట్లం మళ్ళీ వస్తుంది. కాబట్టి భయమంతా ఇండికేటరుకూ అడాప్టరుకూ మధ్యనున్న ఆ పాత తీగ గురించే.

మీ బడిలో ఇలాంటి అడాప్టరుంటే ఒక ప్రయోగం చేయవచ్చు. దేనికీ తగిలించకుండా, దాని తొమ్మిది సూదుల్లో 2, 3 సూదులను చిన్న తీగతో కలపండి. ఒకటి వినేది, ఒకటి పలికేది. టెర్మినల్ ప్రోగ్రాములో టైపు చేసిన అక్షరం తెర మీదికి తిరిగి వస్తుంది. తీగ తీసేస్తే రాదు. ఇప్పుడు వేగాన్ని 9600 నుండి 2400కు మార్చి చూడండి. గుర్తులు చెడిపోకుండా అక్షరాలు సరిగ్గానే వస్తాయి. ఎందుకో చెప్పగలరా?