పుట్టుమచ్చ నుండి గుండె దాకా

గుండెజబ్బు అనగానే రక్తపోటు, పొగతాగుడు, కొవ్వు పట్టిన రక్తనాళాలు గుర్తుకు వస్తాయి. అరికాలి మీది నల్లమచ్చ ఒకటి ఏనాటికైనా గుండెను చేరగలదని ఎవరూ ఊహించరు. కాని మెలనోమా అనే చర్మ క్యాన్సర్ విషయంలో ఇది కట్టుకథ కాదు.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలు అదుపు తప్పి పెరగడమే మెలనోమా. ఈ నల్లని కణితులను ప్రత్యేక వ్యాధిగా గుర్తించి 1806లో వర్ణించినవాడు ఫ్రెంచి వైద్యుడు రెనీ లేనెక్. పదేళ్ల తర్వాత గుండె చప్పుడు వినడానికి స్టెతస్కోపును కనిపెట్టినవాడూ ఆయనే. ఈ రెండింటికీ గల సంబంధం ఎంత దగ్గరిదో తేలడానికి ఒకటిన్నర శతాబ్దం పట్టింది.

గుండెలోనే పుట్టే కణితులు బహు అరుదు. వేరొకచోట పుట్టి రక్తప్రవాహం వెంట అక్కడికి చేరేవే అధికం. అలా చేరడంలో మెలనోమాది అగ్రస్థానం. ఈ వ్యాధితో మరణించిన 70 మంది శవపరీక్షలను 1968లో అమెరికా వైద్యులు గ్లాన్సీ, రాబర్ట్స్ పరిశీలించగా, దాదాపు మూడింట రెండు వంతుల మంది గుండెల్లో దాని జాడలు కనిపించాయి.

విషాదమేమిటంటే, రోగి బ్రతికి ఉండగా ఈ సంగతి తరచు బయటపడదు. గుండె మౌనంగా భరిస్తుంది. కొందరిలో మాత్రం ఆయాసం వస్తుంది, నాడి గతి తప్పుతుంది. గుండె చుట్టూ ఉండే పొరలో నీరు చేరి, దాని కదలికనే అడ్డుకోవచ్చు. ఎకో, ఎమ్మారై పరీక్షలు నేడు ఈ రహస్యాన్ని కొంతవరకు ఛేదిస్తున్నాయి.

నల్లని చర్మం గలవారికి మెలనోమా తక్కువే. అయితే ఆ ధీమాయే ముప్పు తెస్తుంది. వీరిలో అది ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద పుడుతుంది. ముల్లు గుచ్చుకున్న గుర్తనో, దెబ్బకు కమిలిన గోరనో సరిపెట్టుకుంటారు. జమైకా గాయకుడు బాబ్ మార్లీ కాలి బొటనవేలి గోరు కింద 1977లో బయటపడిన మెలనోమా మెదడుకూ, ఊపిరితిత్తులకూ పాకింది. 1981 మే 11న మరణించేనాటికి ఆయన వయస్సు 36 ఏళ్లు.

ఆశ లేకపోలేదు. శరీరపు రక్షణశక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు 2011 నుండి వాడుకలోకి వచ్చాయి. వాటికి బాట వేసిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి లభించింది. 2015లో కాలేయానికీ, మెదడుకూ మెలనోమా పాకిన అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఇటువంటి చికిత్స పొంది, నూరేళ్లు నిండిన తర్వాత 2024లో కన్నుమూశారు.

అయినా గుండెను చేరిన మెలనోమా నేటికీ కఠిన శత్రువే. మందం ఒక మిల్లీమీటరు లోపు ఉండగానే కోసి తీసివేస్తే మాత్రం చాలామంది పూర్తిగా కోలుకుంటారు. మచ్చ అంచులు వంకరటింకరగా మారినా, రంగు ఒకేలా లేకపోయినా, ఆరు మిల్లీమీటర్లు మించి పెరుగుతున్నా వైద్యునికి చూపించాలి. స్నానవేళ అరికాళ్ల వైపు ఒక్క చూపు సారించడానికి పట్టేది అర నిమిషం. గుండెను కాపాడే పని అక్కడి నుండే మొదలు కావచ్చు.