ట్రాక్టర్ ఇంజన్ ఆయిల్ మార్పిడిలో పొరపాట్లు
సొంతంగా ఇంజన్ ఆయిల్ మార్చుకునే రైతులు పలువురు నెలలు లెక్కిస్తారు. చూడవలసినది అవర్ మీటరు. దమ్ము చేసే రోజుల్లో గంటలు వేగంగా పెరుగుతాయి. చల్లారిన ఇంజన్ నుండి ఆయిల్ తీస్తే మడ్డి అడుగునే మిగులుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు, చదునైన నేలపై తీయాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది, పాత ఫిల్టరు రబ్బరు వాషరు ఇంజన్‌కే అంటుకొని ఉండగా కొత్త ఫిల్టరు బిగించడం. జంట వాషర్లు ఒత్తిడికి నిలువవు; ఆయిల్ బయటకు చిమ్మి, సరిగ్గా నాట్ల వేళ ఇంజన్ పట్టేయవచ్చు. శిక్షణలో ఫిల్టరు విప్పించి, ఆ చోటును రైతు చేతనే తడిమించి చూపడం ఉపన్యాసం కన్నా మేలు.

ఆయిల్ కాస్త ఎక్కువైనా మంచిదేనన్న నమ్మకమూ సరికాదు. క్రాంక్‌షాఫ్టు దానిని చిలికి నురుగు చేస్తుంది; నురుగు బేరింగులను కాపాడలేదు. ఇంజన్‌ను రెండు నిమిషాలు నడిపి ఆపి, కొంతసేపటికి డిప్‌స్టిక్ చూడాలి. ఆయిల్ పై గీత దాటరాదు.