ఒక చూరు క్రింద నాలుగు తరగతులు



ఒక ఇంట నలుగురు బిడ్డలున్నారనుకొందము. పెద్దపిల్లకు 14 ఏండ్లు, తరువాతివానికి 11, ఆ తరువాతిదానికి 8, కడగొట్టువానికి 5. బడిలోనైనచో ఈ నలుగురును నాలుగు గదులలో కూర్చుందురు. నలుగురు ఉపాధ్యాయులు చెప్పుదురు. ఏ కారణముచేతనో చదువు ఇంటికి వచ్చినప్పుడు, ఆ నాలుగు గదులకును బదులు ఒక్క వసారాయే యుండును. నలుగురు ఉపాధ్యాయులకును బదులు ఒక్క తల్లియే యుండును. అట్టి ఇంటిలో ఏడాది చదువును ఎట్లు ఏర్పాటు చేసికొనవలెనో నేటి ప్రసంగమున మనవి చేసెదను.

ఇది ఊహించిన కష్టము కాదు. హైదరాబాదు పాతనగరమునకు దక్షిణమున, చాంద్రాయణగుట్ట దాటిన పిమ్మట, బార్కస్ అను పేట యున్నది. సైనికులు నివసించు బారకాసులను బట్టి ఆ పేరు వచ్చినది. యెమెను దేశములోని హద్రమౌతు సీమనుండి వచ్చి నిజాముల కొలువులో సైనికులుగా నున్న అరబ్బుల సంతతివారు అక్కడ విశేషముగా నివసించుచున్నారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరిన పిదప ఆ సైనికవృత్తి పోయినది. అటు తరువాత ఆ ఇండ్లలోని పురుషులు పలువురు జీవనోపాధికై గల్ఫు దేశములకు పోయిరి. తండ్రి పరదేశమున, తల్లియు అవ్వయు ఇంట, బిడ్డలు ముగ్గురో నలుగురో: ఇట్టి సంసారములు అక్కడ క్రొత్త కావు. మన పాలమూరు పల్లెలలోను తండ్రి వలసపోయిన ఇండ్లు తక్కువ కావు గనుక, బార్కస్ మాట మీ ఊరి మాట కూడను.

2020 మార్చి నెలలో మహమ్మారివలన పాఠశాలలు మూయబడెను. ఆ ఏడు సెప్టెంబరు 1వ తేది మొదలు మూడవ తరగతి నుండి పదవ తరగతి వరకు పాఠములను దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారములద్వారా చెప్పసాగిరి. ఒకే ఫోను, ఒకే టీవీ గల ఇంటిలో నలుగురు బిడ్డలకు నాలుగు వేళల పాఠములు వచ్చెను. అది చాలదన్నట్లు, అక్టోబరు నెల నడుమ కుండపోత వానలు కురిసి, బాలాపూరు దగ్గరి గుర్రం చెరువు గట్టు తెగి, బార్కస్‌కు చేరువనున్న హఫీజ్ బాబా నగర్ మొదలగు పేటలలోనికి నీరు చొచ్చెను. చిన్న తరగతుల బిడ్డలు 2021 సెప్టెంబరు వరకు బడిగడప త్రొక్కలేదు. ఆ కాలమున తల్లులకు కొరవడినది ప్రేమయు కాదు, శ్రద్ధయు కాదు; ఏర్పాటు.

పలు వయస్సుల బిడ్డలకు ఒక్కరే చదువు చెప్పుట మనకు క్రొత్త విద్య కాదు. మన వీథిబడులన్నియు అట్టివే. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో రాజధానిలోని బడుల లెక్క తెప్పించెను. బళ్ళారి జిల్లా కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదిక ప్రకారము ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. అనగా బడికి సుమారు 12 మంది. పెద్ద విద్యార్థులు చిన్నవారికి చెప్పుచు, చెప్పుటచేత తమ విద్యను తాము గట్టిపరచుకొనుచున్నారని ఆయన మెచ్చుకొనెను. మద్రాసు పట్టణములో బడికి పోవువారికంటె ఇంటనే చదువుకొనువారు ఐదు రెట్లున్నారని ఒక లెక్క వచ్చెను. ఆ సంఖ్య హెచ్చుగా నున్నదని మన్రోయే సందేహించెను గాని, ఇంటి చదువు ఆనాడు విస్తారముగా నుండెననుటకు అది చాలును.

అంతకు ముందే, 1789 మొదలు మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర శాలను నడపిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దొర, మన పిల్లలు అరుగుమీద ఇసుక పోసి వ్రేలితో అక్షరములు దిద్దుట చూచి, ఆ పద్ధతిని తన శాలలో ప్రవేశపెట్టెను. చిన్నవారికి చెప్పు పనిని పెద్ద బాలురకే అప్పగించెను. 1797లో దానినిగూర్చి లండనులో పుస్తకము ప్రకటించెను. ఇంగ్లండులో దానికి మద్రాసు పద్ధతి యనియే పేరు వచ్చెను. ఆయన ఇచ్చిన ధనముతో సెంట్ ఆండ్రూస్ పట్టణమున స్థాపింపబడిన ఉన్నత పాఠశాలకు నేటికిని మద్రాసు కళాశాల యనియే పేరు.

ఇక ఏర్పాటునకు వత్తము. మొదటి సూత్రమిది: నలుగురు బిడ్డలకు నాలుగు బడులు నడపబోకుడు. చదువును రెండు కుప్పలుగా చేయుడు. అందరును కలిసి నేర్చుకొనదగినవి ఒక కుప్ప. ఎవరి మెట్టు వారే ఎక్కవలసినవి రెండవ కుప్ప. కథ, పద్యము, వానలు, చెరువులు, చెట్లు, చేమలు, ఊరి చరిత్ర, దేశపటము ఇవి మొదటి కుప్పలోనివి. అక్షరములు, చదువుట, వ్రాయుట, లెక్కలు ఇవి రెండవ కుప్పలోనివి.

మొదటి కుప్పకు ఉదాహరణము చెప్పెదను. బార్కస్ ఒకప్పుడు జామతోటలకు పేరుబడినది. అక్కడి జామపండ్ల పేరు నేటికిని చెప్పుకొందురు. ఒక బుట్ట జామపండ్లను నడుమ పెట్టుడు. ఐదేండ్లవాడు పండ్లను లెక్కించును. ఎనిమిదేండ్ల పిల్ల, కిలోకు ఆరు పండ్లు తూగినచో నాలుగు కిలోలకు ఎన్నియో చెప్పును. పదునొకండేండ్లవాడు, కిలో 40 రూపాయల చొప్పున 20 కిలోలు కొని, 2 కిలోలు క్రుళ్ళిపోగా తక్కినవి కిలో 50 రూపాయలకు అమ్మినచో లాభమెంతో కట్టును. 800 పెట్టి 900 రాబట్టినాడు గనుక లాభము 100. పెద్దపిల్ల ఆ లాభము నూటికి పండ్రెండున్నర యని తేల్చి, పద్దు వ్రాసి చూపును. బుట్ట యొకటే, పాఠములు నాలుగు.

రెండవ కుప్పకు మదనపల్లె సమీపమున ఋషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రమువారు చూపిన మార్గము మంచిది. ఒకే ఉపాధ్యాయుడు గల పల్లెబడుల కొరకు వారు పాఠములను చిన్న చిన్న అట్టలుగా విడదీసి, ఒక నిచ్చెనవలె వరుస పెట్టిరి. ఏ బిడ్డ ఏ మెట్టుమీద నున్నదో ఆ బిడ్డకే తెలియును. ఒకరికొరకు ఒకరు ఆగనక్కరలేదు. కర్ణాటకములోని నలి-కలి బడులకు ఇదియే మూలము. ఇంట అట్టలు లేకున్నను, గోడకు నాలుగు కాగితములు అంటించి, ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క నిచ్చెన గీయవచ్చును. గుణింతము, వత్తులు, చిన్న వాక్యములు, ఒక పుట చదువుట. రెండవ ఎక్కము, ఐదవ ఎక్కము, పదవ ఎక్కము. ముగిసిన మెట్టుకు బిడ్డచేతనే గుర్తు పెట్టింపుడు. ఇతర బిడ్డ నిచ్చెనతో పోల్చి నిందింపకుడు.

లిపుల విషయమై ఒక మాట. బార్కస్ బిడ్డ ఇంట ఉర్దూ మాటలాడును. ఖురాను కొరకు అరబ్బీ చదువును. బడిలో తెలుగు, ఇంగ్లీషు కూడ ఎదురగును. ఉర్దూ కుడినుండి ఎడమకు, తెలుగు ఎడమనుండి కుడికి సాగును. ఒకే నెలలో రెండు క్రొత్త లిపులు మొదలుపెట్టుట పసివానికి భారము. ఇంటి భాష లిపి మొదట కుదురనిచ్చి, కొన్ని నెలల ఎడముతో రెండవది మొదలుపెట్టుట మేలు. సరిహద్దు పల్లెలలో కన్నడమో మరాఠీయో మాటలాడు ఇండ్లకును ఇదే మాట.

ఇప్పుడు ఏడాది లెక్క. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఐదవ తరగతి వరకు ఏడాదికి 200 దినములు, ఆరు మొదలు ఎనిమిది వరకు 220 దినములు బడి జరుగవలెనన్నది. ఇంటికి 200 దినములు ప్రమాణముగా పెట్టుకొందము. పై తరగతులవారికి మిగులు 20 దినములను శనివారములలో పూరింపవచ్చును. ఏడాదిలో 52 వారములు. 40 వారములు, వారమునకు 5 దినములు చదివినచో 200 అగును. మిగిలిన 12 వారములను మొదటనే పంచి పెట్టుడు: ఎండలకు 6, బతుకమ్మ దసరాలకు 2, సంక్రాంతికి 1, రంజాను చివరి దినములకును పండుగకును 2, జబ్బునకో పెండ్లికో 1. ఎవరి ఇంటి పండుగను బట్టి వారు మార్చుకొనవచ్చును. 40 వారములను నాలుగు పాళ్ళు చేసి, ప్రతి పాలులో తొమ్మిది వారములు క్రొత్త పాఠము, పదవ వారము పాత పాఠముల నెమరువేత. ఈ పదవ వారము లేని ఏర్పాటు చిల్లికుండలో నీరు.

రంజాను నెలనుగూర్చి జాగ్రత్త వలయును. మన పంచాంగము అధికమాసము చేర్చి చాంద్రమానమును ఋతువులతో సరిపెట్టును. హిజ్రీ లెక్కలో అధికమాసము లేదు గనుక, రంజాను ఏటేట సుమారు 11 దినములు ముందుకు జరుగును. 2020లో ఏప్రిల్, మే నెలలలో వచ్చినది 2024లో మార్చి, ఏప్రిల్ నెలలలో, అనగా పరీక్షల కాలమున వచ్చెను. కాబట్టి నిరుటి ఏర్పాటును అట్లే ఎత్తి వ్రాయకుడు. ఆ నెలలో ఉపవాసముండు పెద్దబిడ్డకు ఉదయమున సగము పాఠము చాలును.

దినమునకు మూడు గంటలు చాలును. బడిలో ఒక ఉపాధ్యాయునికి ముప్పది నలువది మంది; ఇంట నలుగురే. మొదటి అరగంట అందరును కలిసి పద్యమో కథయో జామబుట్టయో. పిమ్మట గంటసేపు తల్లి చిన్నవారు ముగ్గురిలో ఒక్కొక్కరితో 20 నిమిషములు కూర్చుండవలెను. అంతవరకు తక్కినవారు వ్రాతయో చదువో చేసికొందురు. అటు తరువాత అరగంట పెద్దవారు చిన్నవారికి చెప్పుదురు. ఇవి రెండు గంటలు. మూడవ గంట పెద్దపిల్లది.

అయ్యలారా, నా ప్రసంగమంతయు ఈ మూడవ గంట కొరకే. పెద్దవారు చిన్నవారికి చెప్పుట ఎంత మంచిదో అంత ప్రమాదము. ఇంగ్లండులో మద్రాసు పద్ధతి వ్యాపించిన కొలది, చెప్పెడి పిల్లలు తమకు తెలిసిన నాలుగు ముక్కలే తిరిగి తిరిగి వల్లించుచు అక్కడనే నిలిచిపోయిరి. అందుచేత 1846లో అక్కడి ప్రభుత్వము క్రొత్త నియమము చేసెను: చిన్నవారికి చెప్పు విద్యార్థికి భత్యము ఈయవలెను; ప్రధానోపాధ్యాయుడు వానికి దినమునకు గంటన్నర వేరుగా పాఠము చెప్పవలెను. ఇచ్చువాని గాదె నిండుచుండిననే గదా ఈవి సాగును!

మన ఇండ్లలో ఆ చెప్పెడి పిల్ల ఎవరు? తరచుగా ఇంటి పెద్దకూతురు. తమ్ముని ఒడిలో పెట్టుకొనును, చెల్లెలిచేత ఎక్కములు చెప్పించును, పొయ్యి చూచును, నీళ్ళు పట్టును. ఏడాది చివర చిన్నవారు మూడు మెట్లు ఎక్కుదురు. ఆమె నిచ్చెనమీద క్రొత్త గుర్తొకటియు నుండదు. ఇంటివారు "మా పిల్ల బుద్ధిమంతురాలు" అని మెచ్చుకొందురు గాని, ఆమె చదువు ఎక్కడ ఆగినదో ఎవరును అడుగరు. 1823 నాటి బళ్ళారి లెక్కలో 6,641 మందిలో ఆడపిల్లలు 60 మందియే. అటు పిమ్మట రెండు నూర్ల ఏండ్లు గడచినవి. ఇంటి చదువు పేరిట ఆ లెక్కను మరల తెచ్చుకొనరాదు. కావున ఏర్పాటు వ్రాయునప్పుడు మొదట పెద్దపిల్ల గంటను వ్రాసి, తరువాత తక్కినవి వ్రాయుడు. ఆ గంటలో ఆమెను ఏ పనికిని పిలువకుడు. ఆమెకు తెలియని లెక్కకు తల్లికిని తోచనిచో, ఊరి ఉపాధ్యాయునో పై తరగతి చదివిన పొరుగుపిల్లనో వారమునకు ఒకసారి పిలిపింపుడు.

ఆమెకు దారియు గలదు. 1989లో స్థాపితమైన జాతీయ సార్వత్రిక పాఠశాల, మన రాష్ట్రపు సార్వత్రిక పాఠశాల, 14 ఏండ్లు నిండినవారిని పదవ తరగతి పరీక్షకు చేర్చుకొనును. తెలుగున గాని ఉర్దూన గాని వ్రాయవచ్చును. జాతీయ సంస్థలో చేరినవారికి ఐదేండ్ల గడువున్నది. ఏటికి రెండు పర్యాయములు పరీక్ష జరుగును. ఒకటి రెండు విషయములు చొప్పున ముగించుకొనవచ్చును. అయినను ఒక హెచ్చరిక: విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల బిడ్డలకు బడినే ఉద్దేశించినది; ఇంటి చదువునకు అందు వేరు నియమము లేదు. కనుక బడిలో పేరున్న బిడ్డ పేరు తీయింపకుడు. చదువు మానిన బిడ్డను వయస్సునకు తగిన తరగతిలోనే చేర్చుకొని, వెనుకబడిన పాఠమునకు ప్రత్యేక శిక్షణ ఈయవలెనని ఆ చట్టముననే యున్నది. ఊరి బడిలో ఆ మాట అడుగుటకు సంకోచింపకుడు.

పెద్దలైన మీరు చేయదగినది స్వల్పమే. తండ్రి వలసపోయిన ఇంటికి మూడు నెలలకొకసారి పోయి, గోడమీది నిచ్చెనలను చూడుడు. కడగొట్టువాని కాగితము కాదు, పెద్దపిల్ల కాగితము మొదట చూడుడు. అక్కడ గుర్తులు పెరుగుచున్నచో ఆ ఇంటి ఏర్పాటు సరియైనది. పెరుగకున్నచో, ఆమె గంటను ఎవరు తీసికొన్నారో మెల్లగా అడిగి, తిరిగి ఇప్పించి రండు.