సబ్బు చేసే సూక్ష్మజీవి ఎవరి సొత్తు?

ప్రత్తిపాడు పత్తిచేలో మందు కొట్టే కూలీకి తెలుసు, కాస్త సబ్బు కలిపితే మందు ఆకంతా పరుచుకుంటుందని. చమురు తేలే నీళ్లలో బతికే కొన్ని బాక్టీరియాలు అలాంటి సబ్బును తామే చేసుకుంటాయి. జిడ్డు సన్నని బొట్లుగా విడిపోతుంది. వాటిని మెల్లగా తినేస్తాయి. గాలి, నత్రజని, భాస్వరం అందాలి, నెలలు పట్టొచ్చు. మిరప విత్తనానికి పట్టించే సూడోమొనాస్‌కు వీటిలో కొన్ని దాయాదులే.

నీళ్లలో పుట్టిన జీవి ఎవరి సొత్తూ కాదంటాం మేము. కానీ చమురు తినేలా ఆనంద మోహన్ చక్రవర్తి మార్చిన సూడోమొనాస్‌పై పేటెంటు చెల్లుతుందని 1980లో అమెరికా సుప్రీంకోర్టు 5–4తో తేల్చింది. హక్కు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీది. ఆ జీవి ఏ సముద్రాన్నీ కడగలేదు గానీ, జీవాన్ని సొంతం చేసుకునే దారి మాత్రం తెరిచింది! ఆ దారినే మన పత్తిరైతు నెత్తిన బీటీ విత్తనం రాయల్టీ పడింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎం.ఆర్.టి.పి. కమిషన్‌కెక్కాకే, 2006లో, సుమారు 1,850 రూపాయల ప్యాకెట్టు 750కి దిగింది.