వానయు నెండయు తూటాయు

తుపాకి చరిత్రమును వ్రాయువారు గొట్టపు పొడవును, మీటలోని చమత్కారమును, నిమిషమునకు ఎన్ని గుండ్లు వెలువడునో ఆ లెక్కను వర్ణించి సంతృప్తులగుచుందురు. కాని ఆ యంత్రము మీట నొక్కినవేళకు పేలునా పేలదా, పేలినచో గుండు గురిని చేరునా తప్పునా అను రెండు ప్రశ్నలకును సమాధానము చాలవరకు ఆ ఉక్కులో లేదు. గొట్టములో పెట్టెడి పిడికెడైనను లేని మందులోను, ఆ మందును చుట్టియున్న తొడుగులోను, ఆ తొడుగు ఏ కొట్టులో ఎన్ని వానకాలములను, ఎన్ని వేసవులను గడపి వచ్చినదో ఆ వృత్తాంతములోను ఉన్నది. తూటా చరిత్రమనగా తడిని, వేడిని జయించుటకు మనుష్యుడు శతాబ్దములుగా చేసిన ప్రయత్నముల చరిత్రమే. అందు మన దేశపు వానలకును, మద్రాసు సిపాయిలకును చిన్నది కాని పాత్ర కలదు.

పాత తుపాకిమందులో నూటికి 75 పాళ్లు సూరేకారము, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకము. ఈ మూటిని నూరి, తడిపి, అదిమి, గింజలుగా చేసి ఆరబెట్టుదురు. శుద్ధి చేసిన సూరేకారము గాలిలోని తడిని అంతగా లాగదుగాని, అందులో ఇతర లవణములు మిగిలియున్నచో వానకాలమున మందంతయు చెమ్మగిల్లును. బొగ్గు తన సూక్ష్మరంధ్రములలో ఆ చెమ్మను పదిలముగా దాచుకొనును. తడిసిన మందును ఎండబెట్టినంతమాత్రమున పూర్వబలము రాదు. ఏలయన, నీట కరగిన సూరేకారము ఆరునప్పుడు పైకి వచ్చి తెల్లని పలుకులుగా పేరుకొనును. అంతవరకు అణువు ప్రక్కన అణువుగా నొదిగియున్న మూడు ద్రవ్యములును అంతటితో విడిపోవును. చేతికి పొడిగా తగులుచున్నను ఆ మందు మందగతిని కాలును, మసి ఎక్కువ విడుచును, గుండును సగము దూరమునకే త్రోయును. తడి పోయినను దాని కీడు పోదన్న ఈ సంగతిని తూటా చరిత్రమంతటను జ్ఞాపకముంచుకొనవలసియున్నది.

మందునకు నిప్పంటించు పద్ధతి ఇంతకన్నను దుర్బలమైనది. తొలుత నిత్యము రాజుచుండు వత్తి, తరువాత చెకుముకిరాయి. రెండింటను గొట్టము వెలుపల నొక చిన్న పళ్లెములో చిటికెడు మందు పోసి, దానిని ముందంటించి, ఆ మంటను సన్నని బెజ్జము గుండా లోపలికి పంపవలెను. వాన కురిసిన నాడు తొలుత తడియునది ఆ చిటికెడు మందే. 1757 జూన్ 23వ తేదీన ప్లాసీ మామిడితోపు చెంత మధ్యాహ్నవేళ జడివాన కురిసినప్పుడు, ఆంగ్లేయులు తమ మందుగుండును కీలుగుడ్డలతో కప్పి కాపాడుకొనగా, బెంగాలు నవాబు సిరాజుద్దౌలా పక్షమున నట్టి జాగ్రత్త లేక మందు తడిసిపోయెను. ఎదుటివారి ఫిరంగులకును అదే గతి పట్టియుండునని తలచి ముందుకురికిన నవాబు సేనాని మీర్ మదన్ ఫిరంగిదెబ్బకు కూలెను. ఆనాటి జయాపజయములను నిర్ణయించినది నవాబు సేనాపతి మీర్ జాఫరు ఆంగ్లేయులతో కలసి పన్నిన కుట్రయే గాని వాన కాదని చరిత్రకారులనుట సత్యమే. అయినను ఆ కుట్ర పారుటకు తగిన అవకాశమును కల్పించినది మాత్రము తడిసిన మందే.

ఈ పళ్లెపు బాధను తొలగించిన వాడు సేనాపతి కాడు, కమ్మరి కాడు, స్కాట్లండులోని బెల్‌హెల్వీ గ్రామపు క్రైస్తవాచార్యుడు. అలెగ్జాండర్ ఫోర్సైత్ అను నాయనకు నీటిపక్షుల వేట యనిన ప్రీతి. చెకుముకి తుపాకి పళ్లెములో మంట భగ్గుమనుటకును గొట్టములో మందు పేలుటకును నడుమనుండు క్షణకాలమున పక్షులు ఆ వెలుగును చూచి ఎగిరిపోవుచుండెను. దెబ్బ తగిలినంతనే పేలునట్టి రసాయనములను అప్పటికే రసాయనజ్ఞు లెఱుగుదురు. ఎడ్వర్డ్ హోవార్డ్ 1800లో పాదరస ఫల్మినేటును గూర్చి ప్రకటించియుండెను. ఇట్టి ద్రవ్యమును సుత్తితో మోది ఆ నిప్పుతోనే లోపలి మందును అంటించు ఉపాయమునకు ఫోర్సైత్ 1807లో పేటెంటు పొందెను. కొలదికాలములోనే ఆ ద్రవ్యము చిన్న రాగిటోపీలోనికి చేరినది. 1834లో ఇంగ్లండులోని వూలిచ్‌లో రెండు విధముల తుపాకులను ఆరేసివేల మార్లు కాల్చి పరీక్షింపగా, చెకుముకి తుపాకి 922 మార్లు తుస్సుమనెను. టోపీ తుపాకి 36 మార్లు మాత్రమే.

అంత స్పష్టమైన ఫలితము చేతికందిన పిమ్మట గూడ పాత తుపాకులు సిపాయిల భుజములను విడువలేదు. ఆంగ్లేయులు చీనాతో చేసిన నల్లమందు (అభిని) యుద్ధకాలమున, 1841 మే నెల చివర, కాంటన్ నగరము వెలుపల సన్యువాన్లీ ప్రాంతపు వరిపొలములలో 37వ మద్రాసు పదాతిదళమునకు చెందిన యొక చిన్న పటాలము కుంభవృష్టిలో దారి తప్పినది. తెలుగువారు, తమిళులు, ముసల్మానులు కలసి కొలువు చేసిన మద్రాసు సైన్యములోని వారు వీరు. వీరి చేతులలో చెకుముకి తుపాకులు; చుట్టును ఈటెలు, కొక్కెపు గడలు పట్టిన వేలకొలది గ్రామస్థులు. ఒక్క తుపాకియు పేలలేదు. చతురస్రముగా బారుతీరి సనీలతో కాచుకొనుచు, వాన కొంత తెరపియిచ్చినప్పుడు ఆ సిపాయిలు చేసిన పని ఆనాటి సైనిక వృత్తాంతములలోని కెక్కినది: తడిసిన మందును గొట్టములనుండి పెరికివేసి, దోసిళ్లతో నీరు పోసి గొట్టములను కడిగి, తమ ఒంటిమీద తడియక మిగిలిన వస్త్రఖండమగు తలపాగా లోపలి అస్తరును చించి దానితో లోపల తుడిచి ఆరబెట్టి, అప్పుడప్పుడు కొన్ని గుండ్లు కాల్చగలిగిరి. చీకటి పడిన తరువాత వారిని వెదకుచు వచ్చిన నౌకాసైనికుల చేతులలో నున్నవి రాగిటోపీ తుపాకులు. అదే వానలో అవి పేలెను, గుంపు చెదరెను. చావునకు ఎదుట నిలిచి, తొందరపాటు లేక, తడి ఎచ్చట చేరినదో గ్రహించి, దానిని గుడ్డపేలికతో తొలగించిన ఆ పేరులేని సిపాయిల బుద్ధిస్థైర్యము వూలిచ్ పరీక్షకు ఏ మాత్రమును తీసిపోదని నా విశ్వాసము.

తరువాతి మెట్టు లోహపు తూటా. మందు, గుండు, టోపీ మూటిని ఒకే తొడుగులో నిమిడ్చి అంతవరకు మందును గుండును చుట్టి ఉంచిన కాగితపు పొట్లములకు స్వస్తి చెప్పుట పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధములో జరిగినది. 1866లో కర్నల్ బాక్సర్ రూపొందించిన ఇంగ్లీషు తూటా పలుచని ఇత్తడిరేకును చుట్టచుట్టి చేసినది; అది తడికి తాళెనుగాని, ఇసుకకును వేడికిని తాళలేదు. 1885 జనవరిలో సూడాను ఎడారిలో అబూక్లియా యుద్ధమున మార్టినీ-హెన్రీ తుపాకులలో కాలిన తొడుగులు ఇరుకుకొని బయటకు రాక సైనికులు నానా యాతన పడిరి. అటుపిమ్మట ఇత్తడిబిళ్లను సాగదీసి అతుకు లేకుండ చేసిన గట్టి తొడుగు నిలిచినది.

లోపలి మందును మార్చినవాడు ఫ్రెంచి రసాయనజ్ఞుడు పాల్ వియే. 1884లో ఆయన నైట్రిక్ ఆమ్లముతో సంస్కరించిన ప్రత్తిని ద్రావకములతో ముద్దచేసి, పొగ రాని మందును కనుగొనెను. 1889లో ఇంగ్లండున ఫ్రెడరిక్ అబెల్, జేమ్స్ డ్యూవర్ అనువారు 58 పాళ్లు నైట్రోగ్లిసరిను, 37 పాళ్లు ప్రత్తిమందు, 5 పాళ్లు వాజలీను కలిపి, ఎసిటోనుతో మెత్తజేసి, జంతికలవలె రంధ్రముల గుండా ఒత్తి కార్డైటును తయారుచేసిరి. మన నీలగిరులపై కూనూరు చెంతనున్న అరువంకాడులో ఇరువదవ శతాబ్ది తొలియేండ్లలో వెలసిన కర్మాగారము ఈ పదార్థము కొఱకే.

ఈ క్రొత్తమందు నీటికి వెఱవదు. దాని శత్రువు వేడి. పాత తుపాకిమందు తడి తగులక నూరేండ్లున్నను చెడదు. నైట్రేటుప్రత్తి అట్టిది కాదు: అది తయారైన నాటినుండియే అతి మెల్లగా క్షీణించుచు నైట్రోజను ఆక్సైడులను వెలువరించును, అవి చెమ్మతో కలసి ఆమ్లమై ఆ క్షయమును మఱింత త్వరపెట్టును. కొట్టులోని వేడి పది డిగ్రీలు పెరిగినచో ఈ క్షయవేగము కొన్ని రెట్లు పెరుగును. తూలోన్ రేవులో 1907 మార్చి 12న ‘ఇయేనా’, 1911 సెప్టెంబరు 25న ‘లిబెర్తే’ అను ఫ్రెంచి యుద్ధనౌకలు శత్రువెవ్వడును లేకయే తమ కడుపులోని మందు తానై రగిలి పేలిపోయినవి. రెండవదానిలో వందలకొలది మనుష్యులు మరణించిరి. వెలువడు ఆమ్లమును ఎప్పటికప్పుడు పట్టి బంధించు డైఫినైలమీను వంటి రక్షకద్రవ్యములను కలుపుట ఇట్టి దుర్ఘటనల వలన దృఢమైనది. కార్డైటులోని వాజలీను గొట్టమునకు జిడ్డుగా పనికివచ్చునని కలిపినదే యైనను, ఈ రక్షణకార్యమును గూడ కొంత నిర్వహించుచున్నట్లు పిదప తెలియవచ్చినది. మందు ఆరోగ్యమును పరీక్షించుటకు అబెల్ ఏర్పరచిన విధానము సరళమైనది: కొంచెము మందును గాజుగొట్టములో నుంచి వెచ్చజేసి, పైన పొటాసియం అయొడైడు, గంజి పట్టించిన కాగితపుముక్కను వ్రేలాడదీసి, దానిపై గోధుమరంగు గీత ఎన్ని నిమిషములకు పొడచూపునో లెక్కించుట. గీత త్వరగా వచ్చినచో ఆ మందునకు ఆయువు తీరుచున్నదన్నమాట.

మందు సంగతి ఇట్లుండగా, ఎన్నడును చెడదని నమ్మిన ఇత్తడితొడుగు మన దేశములో వింతయైన వ్యాధికి లోనైనది. ఆంగ్లేయ సైన్యపు తూటాలు వానకాలము గడచునప్పటికి, ఒక్కటియైనను కాల్చకమునుపే, మెడకడ నిలువున చీలియుండెడివి. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగముగల మేలిరకపు ఇత్తడి, దెబ్బ తగులక, త్రుప్పు పట్టక, ఊరక పెట్టెలోనుండి పగులుటకు హేతువేమో చిరకాలము బోధపడలేదు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో హేతువు తేలినది. గుఱ్ఱపుసాలల దాపున నిలువచేసిన తూటాలకు గుఱ్ఱముల మూత్రమునుండి పుట్టు అమోనియా వాయువు, వానకాలపు చెమ్మలో కలసి, పలుచని పొరగా తగులుచుండెను. అదొక్కటియే చాలదు, తొడుగును వేడిచేయక సాగదీసి మలచినప్పుడు ఆ ఇత్తడిలో అణగియుండు బిగువు రెండవ కారణము. లోపలి బిగువు లోహమును విడదీయజూచుచుండ, అమోనియా స్ఫటికముల సరిహద్దులవెంట సందు చేసికొని లోపలికి చొచ్చును. ఈ రెండును కలసినప్పుడే పగులు పుట్టును, ఏ యొక్కటి తొలగినను పుట్టదు. మన దేశములో గుఱ్ఱములను గాని వానలను గాని తొలగించుట సైన్యమునకు సాధ్యము కాదు గనుక బిగువునే తొలగించిరి: తొడుగును తగినంత వేడిచేసి మెల్లగా సడలించినచో వ్యాధి మాయమగును. నేటికిని సైనికపు తూటా మెడయొద్ద కానవచ్చు నీలిగోధుమ ఛాయ ఆ వేడి గుర్తే. ఒత్తిడి, రసాయనము కలసి లోహమును చీల్చు ఈ తీరు వంతెనలలోను, బాయిలర్లలోను, విమానములలోను నేడు ఇంజనీర్లు పఠించు పెద్దశాస్త్రమైనది. ఆ శాస్త్రపు తొలిపాఠములలో నొకటి మన వానకాలపు గుఱ్ఱపుసాలలో పుట్టినదని మన విద్యార్థులకు చెప్పవలెను.

టోపీలోని రసాయనము తెచ్చిన బాధ మఱొకటి కలదు. అందలి పొటాసియం క్లోరేటు పేలిన పిమ్మట గొట్టములో క్లోరైడుగా మిగులును. అది మన వంటయుప్పునకు దగ్గరి చుట్టము, గాలిలోని చెమ్మను లాగి రాత్రికి రాత్రి ఉక్కును త్రుప్పుపట్టించును. నూనె దానిని కరిగింపజాలదు, నీరే కరిగించును. అందుచేత లీ-ఎన్‌ఫీల్డు తుపాకి పట్టిన సైనికుడు కాల్పులు ముగిసినంతనే గరాటుతో మరిగిన నీటిని గొట్టములో పోసి, ఆరబెట్టి, ఆపై నూనె పూయవలసియుండెను. క్లోరేటు లేని టోపీలు వ్యాపించిన తరువాత ఈ కర్మకాండ తగ్గినది.

ఇక గురి మాట. వానలో తడిసిన తూటాను కాల్చినచో గుండు గురికి పైగా పోవుచున్నదని ఇంగ్లండులోని బిస్లీ మైదానమున లీ-ఎన్‌ఫీల్డుతో పోటీలు చేయువారు చిరకాలముగా నెఱుగుదురు. పొడిగానున్న ఇత్తడితొడుగు పేలుడు వేళ ఉబ్బి గొట్టపుగోడను పట్టుకొని వెనుకకు త్రోసెడి బలమును తాను కొంత భరించును. నడుమ నీటిపొర చేరినచో పట్టు జారి ఆ బలమంతయు వెనుకనున్న గడియపై పడి, తుపాకి అదరు తీరే మారును. గురి మారుటకు మందు వెచ్చదనము దీనికన్న సర్వసాధారణమైన కారణము. మందు వెచ్చనైనకొలది త్వరగా కాలును. సామాన్యమైన రైఫిలు మందులలో ఫారన్‌హీటు డిగ్రీ ఒకటి పెరిగినచో గుండు వేగము సెకనుకు సుమారు ఒక అడుగు, కొన్నింటిలో అంతకు మించి, పెరుగును. తెల్లవారి 50 ఫారన్‌హీటు డిగ్రీల చలిలో సరిచూచుకొన్న తుపాకికి, మధ్యాహ్నమున 120 డిగ్రీల ఎండలో కాగిన తూటాను పెట్టినచో, 600 గజముల దూరమున గుండు జానెడుకు అటునిటుగా పైకి తగులును. తూటాలను నీడన ఉంచుమని అనుభవజ్ఞులు చెప్పుట ఇందుకే.

గాలి సంగతి పలువురు తలక్రిందుగా తలతురు. తేమగాలి బరువైనదనియు, గుండును ఎక్కువగా అడ్డుననియు సామాన్యాభిప్రాయము. నిజమునకు నీటి అణువు గాలి అణువుల సగటుకన్న తేలికైనది గావున, తేమగాలి పొడిగాలికన్న కొంచెము పలుచన. ఈ భేదము స్వల్పము, ఎత్తువలని భేదము గొప్పది. సముద్రమట్టమునకు 16,000 అడుగుల ఎత్తున గాలి సాంద్రత ఇంచుమించు నూటికి 40 పాళ్లు తగ్గును. 1999లో కార్గిల్ శిఖరములపై మన ఫిరంగులు మైదానపు పట్టికలలోని లెక్కను మించి గుండ్లను విసరుచుండ, ఆ పట్టికలను సవరించి కాల్చవలసివచ్చినది. నేటికిని ఫిరంగిదళమువారు కాల్పులకు ముందు గాలి వేగమును, దిక్కును, ఒత్తిడిని కనుగొనుటతోపాటు మందు వెచ్చదనమును గూడ థర్మామీటరుతో కొలిచి, అది పట్టికలకు ప్రమాణమగు 21 సెంటీగ్రేడు డిగ్రీలకు ఎంత హెచ్చో ఎంత తక్కువో చూచి, ఆ మేరకు దూరపు లెక్కను దిద్దుకొనియే కాల్చుచున్నారు.