పన్నెండు అణాల షిల్లింగు

2024 ఉగాదికి మన అరోరా బాలాజీ గుడిలో ఒక పెద్దాయన కలిశారు. ముఖం చూస్తే అచ్చం మా కాకినాడ వైపు మనిషే అనిపించింది. తెలుగులో పలకరిస్తే రెండు ముక్కలు మాట్లాడి, మొహమాటంగా నవ్వి ఇంగ్లీషులోకి దిగారు. మారిషస్ నుంచి కొడుకు దగ్గరికి వచ్చారట. వాళ్ళ పూర్వులు కోరంగి రేవులో ఓడెక్కారట. వెళ్ళేముందు మా అమ్మాయిని దీవించి, చేతిలో 25 రూపాయల మారిషస్ నోటు పెట్టారు.

ఇంటికి రాగానే అమ్మాయి దాన్ని ఇండియా నోటు పక్కన పెట్టి చూసింది. మన నోటు వెనక పదిహేను భాషల వరుసలో చివరి నుంచి రెండోది తెలుగు. అది తనకు తెలుసు. "నాన్నా, దీనిమీద తమిళం ఉంది, హిందీ ఉంది. తెలుగేది?" అంది.

నా దగ్గర జవాబు లేదు. అందుకోసం పుస్తకాలు తిరగేస్తే మారిషస్ రూపాయి కథ, దాని వెనకే ఫిజీ డాలరు కథ బయటపడ్డాయి. రెండూ చిన్న దీవుల డబ్బే. రెండింటిలోనూ మన కూలీల చెమట ఉంది.

మనం ఈ దేశం వచ్చిన కొత్తలో సబ్బు కొన్నా కాఫీ తాగినా డాలర్లను రూపాయల్లోకి గుణించుకున్నవాళ్ళమే. నూరేళ్ళ క్రితం ఫిజీ వెళ్ళిన మనవాళ్ళకు ఆ లెక్క ఒప్పంద పత్రంలోనే రాసి ఇచ్చారు. మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, అంటే "ప్రస్తుతం" పన్నెండు అణాలు. ఆడవాళ్ళకు తొమ్మిది పెన్నీలు, అంటే తొమ్మిది అణాలు. అప్పట్లో రూపాయి విలువ షిల్లింగు నాలుగు పెన్నీలు, అంటే పదహారు పెన్నీలు. రూపాయికి పదహారు అణాలు కనుక పెన్నీకి సరిగ్గా అణా. లెక్కలో తప్పేమీ లేదు. ఊళ్ళో పన్నెండు అణాలకు ఏమేం వస్తాయో తెలిసిన మనిషికి అది పెద్ద జీతమే.

మోసమల్లా ఆ షిల్లింగు ఖర్చు పెట్టాల్సింది ఫిజీలో కావడం. అక్కడి ధరలు వేరు. పైగా చాలావరకు పని ముక్కల లెక్కన ఇచ్చేవారు. ఇచ్చిన చెరుకు సాళ్ళు పూర్తయితేనే షిల్లింగు. పూర్తి చేయలేని రోజు కూలి తెగేది. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు మీదుగా సుమారు పదిహేను వేల మంది ఫిజీ వెళ్ళారు. వారిలో కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల వారూ ఉన్నారు. అయిదేళ్ళ ఒప్పందం ముగిశాక తిరుగు ప్రయాణపు ఖర్చు దొరకాలంటే ఇంకో అయిదేళ్ళు అక్కడే ఉండాలి. చాలామంది ఉండిపోయారు.

మారిషస్ కథ తీరు వేరు. అక్కడికి కూలీలు 1834 నుంచే వెళ్ళారు. తొలి రోజుల జీతం నెలకు అయిదు రూపాయలు, తిండి అదనం. కోరంగి నుంచి వచ్చారు కనుక తెలుగువాళ్ళకు అక్కడ "కొరంగీలు" అనే పేరు పడింది. కూలీల వెంట, బియ్యం వర్తకం వెంట మన వెండి రూపాయి కూడా సముద్రం దాటింది. పౌనూ డాలరూ చెలామణిలో ఉన్నా సంతలో రూపాయే పైచేయి అయింది. చివరికి 1876లో బ్రిటిషువాళ్ళు దాన్నే చట్టబద్ధం చేశారు. రెండు రూపాయలు ఒక మారిషస్ డాలరుకు సమానమన్నారు. పాలకుల డబ్బును కాదని కూలీల డబ్బు గెలిచిన సందర్భం చరిత్రలో ఇంకెన్ని ఉన్నాయో!

1934లో ఆ రూపాయిని పౌనుకు కట్టేశారు, రూపాయికి షిల్లింగున్నర చొప్పున. మన రూపాయి రేటు కూడా అప్పుడు అదే. కాబట్టి పేరుకు విడిపోయినా రెండు రూపాయలూ సరిసమానంగానే నడిచాయి. 1966 జూన్‌లో ఇందిరాగాంధీ ప్రభుత్వం మన రూపాయి విలువ తగ్గించేసరికి ఆ సమానత్వం పోయింది. ఒక్కరోజులో మారిషస్ రూపాయి మన రూపాయిన్నర దాటింది. మరుసటి ఏడాది పౌనుతో పాటు అదీ కొంత దిగింది. తర్వాత 1979లో, 1981లో మళ్ళీ తగ్గించారు. 2024లో అది సుమారు మన రూపాయీ ఎనభై పైసలు. మా అమ్మాయి నోటు విలువ యాభై సెంట్లకు కాస్త పైన.

ఫిజీ 1969 జనవరిలో పౌనును వదిలి డాలరుకు మారింది, పౌనుకు రెండు డాలర్ల లెక్కన. 1987లో అక్కడ సైన్యం రెండుసార్లు తిరగబడింది. ఆ ఏడే డాలరు విలువను కూడా రెండుసార్లు తగ్గించారు. సరిగ్గా అప్పుడే ఎందరో భారతీయ కుటుంబాలు ఆస్ట్రేలియాకు, న్యూజీలాండుకు, కెనడాకు తరలిపోయాయి. తాతలు షిల్లింగు షిల్లింగు కూడబెట్టింది మనవలు మారకంలో పోగొట్టుకుని విమానం ఎక్కారన్నమాట. 1998లో, 2009లో మళ్ళీ ఇరవై శాతం చొప్పున తగ్గించారు. అయినా 2024లో ఒక ఫిజీ డాలరుకు సుమారు 37 భారతీయ రూపాయలు.

ఇక అమ్మాయి ప్రశ్న. 1998 చివర్లో మారిషస్ బ్యాంకు కొత్త నోట్లలో హిందీని ముందుకు తెచ్చి తమిళాన్ని కిందికి దించింది. ముందు వచ్చింది మేమని తమిళులు ఆందోళనకు దిగారు. బ్యాంకు ఆ నోట్లు వెనక్కి తీసుకుని, 1999లో తమిళాన్ని మళ్ళీ పైన అచ్చువేసింది. ఆ గొడవంతా రెండు భాషల వరుస గురించే. వరుసలోనే లేని తెలుగు మాట అందులో ఎక్కడా రాలేదు.

ఈ సంగతి పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పాను, కాస్త ఆవేశంగానే. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిపిన దేశం కదండీ, నోటు మీద ఒక్క ముక్క తెలుగు ఉండొద్దా అన్నాను. ఆయన నవ్వారు.

"నోటు మీద లేకపోతే లేదు బాబూ. ఉగాదికి మా దేశమంతా సెలవు. మీకిస్తారా?"

ఆ ఏడు ఉగాది మంగళవారం వచ్చింది. మా అమ్మాయి బడికి వెళ్ళింది. మన సంఘం పండగ శనివారం చేసుకుంది.